మంచిమాటకు మతం అడగాలా?



ఈ పాఠం ఒక చిన్న ప్రశ్నతో మొదలైంది. పౌర్ణమి నాడు వందన అయిపోయి అందరం విహారంలో కూర్చున్నం. ఒక తమ్ముడు లేచి అడిగిండు: "అన్నా, వచ్చే పౌర్ణమికి మా యూనియన్ పెద్దమనిషితోని మైకుల నాలుగు మంచిమాటలు చెప్పిద్దామా? ఆయన ఏ దేవుణ్ణీ మొక్కడు. ఏ మతంల లేడు. మన బుద్ధునికి కూడా దండం పెట్టడు. కానీ బాయిల ఎవలకు ఆపద వచ్చినా ముందుగాల ఉరికేది ఆయనే."

ఒక అక్క వెంటనే అన్నది: "ధమ్మం మైకు ధమ్మం తీసుకున్నోళ్ళకే ఉండాలె. మతమే లేనాయన నీతి ఏం చెప్తడు?"

ఇద్దరి మాటకూ తలలూపినోళ్ళు ఉన్నరు. ఆ రోజు తేల్చకుండానే లేచినం. తేల్చవలసిన ప్రశ్న ఇది. మైకు, రేడియో, టీవీ, ఫోను అన్నిటికీ వర్తించే ప్రశ్న. నలుగురికి వినబడేటట్టు నీతి చెప్పే హక్కు ఎవరిది? మతం ఉన్నవాళ్ళదేనా?

పొద్దున వినబడే గొంతులు

గోదావరిఖనిలో ఫస్ట్ షిఫ్టుకు పోయే మనిషి తెల్లవారక ముందే లేస్తడు. టిఫిన్ డబ్బా సర్దే లోపల గుడి మైకు, మసీదు అజా, చర్చి ప్రార్థన, పక్కింటి ఫోనులో ప్రవచనం వరుసగా చెవిన పడతయి. మన పెద్దల కాలంలో ఇంటింటికీ రేడియో ఉండేది. 1948 డిసెంబరు 1న మొదలైన ఆకాశవాణి విజయవాడ కేంద్రం "భక్తిరంజని"ని తెలుగువాళ్ళ పొద్దుటి అలవాటుగా మార్చింది. ఉషశ్రీ గారి "ధర్మసందేహాలు" వినడానికి జనం పనులు ఆపుకొని కూర్చునేవాళ్ళు. ఆ గొంతుకు ఉన్న గౌరవం నిజమైనది. దాన్ని ఎగతాళి చేయడం మన పని కాదు.

అయితే ఒక సంగతి గమనించాలి. "ధర్మసందేహం" అన్నప్పుడు జవాబు పురాణాల్లోంచి, ఇతిహాసాల్లోంచి వచ్చింది. అన్నదమ్ముల తగాదా, ఆడబిడ్డ బాధ, అప్పు, అబద్ధం, తాగుడు అన్ని ఇండ్లలోనూ ఉన్నయి. వాటికి జవాబు మాత్రం ఒక్క అల్మారీలోని పుస్తకాల నుంచే తీయడం అలవాటైంది. వినీ వినీ నీతి అంటే భక్తి అనీ, దేవుడు లేనిచోట నీతి ఉండదనీ మనసులో పాతుకుపోయింది. ఆ అక్క అడిగిన ప్రశ్న అక్కడినుంచి వచ్చిందే.

ఇప్పుడు బాయి దగ్గరికి పోదాం. బాయి మీద మైసమ్మ గుడి ఉంటుంది. మొక్కేటోళ్ళు మొక్కుతరు. రక్షణ పక్షోత్సవాల్లో అందరూ వరుసగా నిలబడి రక్షణ ప్రతిజ్ఞ చేస్తరు. నా ప్రాణం, నా తోటి కార్మికుని ప్రాణం కాపాడుకుంటానన్నది దాని సారం. అది పచ్చి నీతి. అందులో దేవుని పేరు లేదు. హిందువు, ముస్లిం, క్రైస్తవుడు, బౌద్ధుడు, ఏదీ కానివాడు ఒక్క గొంతుతో చెప్తరు. అందులో దేవుని పేరు లేదని ఎవరూ ఇంతవరకు బాధపడలేదు.

మన బడిపిల్లలు రోజూ చెప్పే దేశ ప్రతిజ్ఞ కూడా అట్లాంటిదే. నల్లగొండ జిల్లా అన్నెపర్తికి చెందిన పైడిమర్రి వెంకటసుబ్బారావు గారు 1962లో దాన్ని తెలుగులో రాసిండ్రు. తర్వాత దేశమంతా తమ తమ భాషల్లో చెప్పుకుంటున్నది. అందులోనూ ఏ దేవుని పేరూ లేదు. మతం పేరెత్తకుండా నలుగురి ముందు నీతి చెప్పడం మనకు కొత్త కాదన్నమాట.

బయటి దేశాల్లో ఇదే పంచాయితీ

ఇంగ్లండులో బీబీసీ రేడియో 1970 నుంచి "థాట్ ఫర్ ది డే" అనే కార్యక్రమం ప్రసారం చేస్తున్నది. పొద్దుటి వార్తల మధ్య రెండు మూడు నిమిషాల మంచిమాట. క్రైస్తవులు, యూదులు, ముస్లింలు, హిందువులు, సిక్కులు, బౌద్ధులు వంతుల వారీగా మాట్లాడతరు. మతం లేనివాళ్ళకు మాత్రం ఆ వంతు రాదు. అక్కడి మానవవాదులు ఏండ్ల తరబడి అడుగుతనే ఉన్నరు. "ఇది మతవిశ్వాసం ఉన్నవారి సమయం, మీకు మిగతా కార్యక్రమాలు ఉన్నయి కదా" అన్నది బీబీసీ వాదన.

అంతకు ముందే, 1955 జనవరిలో, మార్గరెట్ నైట్ అనే ఆమె అదే బీబీసీలో మతం లేని నీతి గురించి ప్రసంగాలు చేసింది. ఆమె అబర్డీన్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్రం చెప్పే అధ్యాపకురాలు. మతం మీద ఆధారపడకుండానే పిల్లలకు మంచిచెడ్డలు నేర్పవచ్చని చెప్పింది. పత్రికలు ఆమె మీద విరుచుకుపడ్డయి. ఆమె ఎవరినీ తిట్టలేదు. దేవుడు లేకుండా నీతి ఉంటుందన్న మాటకే అంత కోపం వచ్చింది.

నెదర్లాండ్స్‌లో వేరే దారి పట్టిండ్రు. అక్కడి ప్రభుత్వ ప్రసారాల్లో మానవవాదులకు ఒక సంస్థ ఉండింది. 2000 నుంచి కొన్నేండ్లు బౌద్ధులకూ ఒకటి ఉండింది. 

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. బీబీసీ పద్ధతిలో బౌద్ధులం లోపల ఉన్నం, మతం లేనోళ్ళు బయట ఉన్నరు. "మనకు వంతు దొరికింది గదా, ఇంక మనకెందుకు?" అనిపించవచ్చు. బాబాసాహెబ్ బిడ్డలకు అట్లా అనిపించకూడదు. 1927 మార్చి 20న మహాడ్‌లో ఆయన మనకోసం వేరే చెరువు తవ్వమని అడగలేదు. ఊరుమ్మడి చెరువు అందరిదీ అని చెప్పి నీళ్ళు ముట్టిండు. బయట నిలబెట్టబడ్డ బాధ తెలిసినోళ్ళం, లోపలికి పోయినంక మనమే వాకిట కావలి కూర్చోవద్దు.

1954 అక్టోబరు 3: బాబాసాహెబ్ రేడియో మాట

మన పాఠానికి గుండెకాయ ఇది. 1954 అక్టోబరు 3న బాబాసాహెబ్ ఆకాశవాణిలో తన జీవన తత్వం గురించి మాట్లాడిండు. స్వేచ్ఛ, సమానత్వం, సోదరభావం అన్న మూడు మాటల్లో తన తత్వం ఉందన్నడు. వాటిని ఫ్రెంచి విప్లవం నుంచి అరువు తెచ్చుకున్ననని ఎవరూ అనుకోవద్దనీ, తన గురువైన బుద్ధుని బోధ నుంచే తీసుకున్ననని స్పష్టంగా చెప్పిండు.

ఆ తేదీని ఇంకోసారి చూడండి. 1935 అక్టోబరు 13న యేవలాలో, హిందువుగా పుట్టినా హిందువుగా చావనని ప్రకటించిండు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో దీక్ష తీసుకున్నడు. 1954 ఈ రెంటికీ నడుమ ఉంది. పాతదాన్ని మనసారా వదిలిండు, కొత్తదాన్ని దీక్షగా ఇంకా స్వీకరించలేదు. ఆ రోజు రేడియోవాళ్ళు "మతాల వారీగా వంతులు" అని పట్టిక రాసి ఉంటే, ఆయన పేరు ఏ గడిలో రాసేవాళ్ళు? ఏ గడిలోనూ పట్టకపోయేది. ఆ మాట మనకు దక్కకపోయేది.

మతం చూడకుండా మనిషి ఆలోచనకు మైకు ఇచ్చినందుకే ఆ మాట గాలిలోకి వచ్చింది. 1956 మే 12న బీబీసీలో తనకు బౌద్ధం ఎందుకు ఇష్టమో చెప్పినప్పుడు కూడా ఆయనకు దీక్ష ఇంకా అయిదు నెలల దూరంలో ఉంది. ఈ రెండు ప్రసంగాలనూ మనం గర్వంగా తలచుకుంటం. అటువంటప్పుడు మతం పట్టికలో పేరులేని ఇంకో మనిషికి మైకు వద్దని ఏ నోటితో అంటం?

కేసపుత్తంలో బుద్ధుడు ఏం చెప్పిండు

కాలామ సుత్తం మనందరికీ తెలుసు. కేసపుత్తం ఊరికి రకరకాల శ్రమణులు, బ్రాహ్మణులు వచ్చేవాళ్ళు. ప్రతివాడూ తన మతాన్ని పొగడడం, ఎదుటివాని మతాన్ని కింద పడేయడం. "ఎవరి మాట నిజం?" అని కాలాములు తికమక పడిండ్రు. పొద్దున లేచి చానళ్ళు తిప్పే మన పరిస్థితీ అంతే.

బుద్ధుడు "నా మాట నమ్ముండి" అనలేదు. పరంపరగా వచ్చిందనో, గ్రంథంలో ఉందనో, చెప్పినాయన గురువనో ఒప్పుకోవద్దన్నడు. లోభం, ద్వేషం, మోహం పెరిగితే మేలా కీడా మీరే చూసుకోండి, తెలిసినవాళ్ళు మెచ్చుకునేది ఏదో గమనించండి అన్నడు.

బాయిల పనిచేసేటోళ్ళకు ఇది విడమరచి చెప్పనక్కర లేదు. పైకప్పు గట్టిదని ఎవరో చెప్పినంత మాత్రాన దానికింద నిలబడరు. కర్రతోనో సబ్బల్‌తోనో తట్టి శబ్దం వింటరు. డొల్ల మోగితే దూరం జరుగుతరు, కింద ఆధారం పెడతరు. తట్టినాయన ఏ మతమని అడగరు, ఆయనకు చెవి ఉందా లేదా అనే చూస్తరు.

సుత్తం మొదటి సగాన్ని చాలామందిమి చెప్పుకుంటం. చివరి సగం మీద కూడా దృష్టి పెట్టాలె. ద్వేషం లేని, కల్మషం లేని మనసుతో బతికే మనిషికి బుద్ధుడు నాలుగు భరోసాలు చెప్పిండు:

1. పరలోకం ఉండి, మంచిచెడ్డలకు అక్కడ ఫలం ఉంటే, అట్లాంటి మనిషి మంచి గతికే చేరుతడు.
2. పరలోకం లేకపోయినా, ఫలం లేకపోయినా, ఇక్కడే ఈ బతుకులోనే పగ లేకుండా, దిగులు లేకుండా, హాయిగా బతుకుతడు.
3. చెడు చేసినవానికి చెడు జరిగేదే అయితే, ఎవరికీ చెడు తలపెట్టనివానికి దుఃఖం ఎక్కడినుంచి వస్తది?
4. చెడు చేసినవానికి చెడు జరగకపోయినా, రెండు విధాలా తాను శుద్ధంగానే ఉన్నట్టు చూసుకుంటడు.

రెండో భరోసాను, నాలుగో భరోసాను మళ్ళీ చదవండి. పరలోకం లేదనుకునేవానికి కూడా నీతిగా బతకడానికి కారణం ఉందని మన శాస్త నోటితోనే వచ్చిన మాట ఇది. మతం లేని మనిషి నీతికి తథాగతుడు రెండున్నర వేల ఏండ్ల కిందటే చోటు పెట్టిండు. బాబాసాహెబ్ "బుద్ధుడు – ఆయన ధమ్మం"లో ఇదే విషయాన్ని ఇంకా గట్టిగా చెప్పిండు: మతాల్లో దేవుని స్థానం ఏదో, ధమ్మంలో నీతి స్థానం అది.

"నాస్తికులను బుద్ధుడే ఖండించిండు గదా?"

ఇది సబబైన ప్రశ్న. దీన్ని దాటేయొద్దు. బుద్ధుని కాలంలో అజిత కేసకంబలి అనే ఆచార్యుడు ఉండేవాడు. దానం లేదు, మంచిపనికీ చెడ్డపనికీ ఫలితమే లేదు అనేది ఆయన వాదం. ఆ వాదాన్ని బుద్ధుడు తప్పుపట్టిండు. బుద్ధుడు కాదన్నది దేనిని? దేవుణ్ణి నమ్మకపోవడాన్నా? కాదు, సృష్టికర్తను ఆయనా ఒప్పుకోలేదు. మంచికీ చెడుకూ తేడా లేదనే మాటను కాదన్నడు. కాబట్టి మనం పెట్టుకోవలసిన గీటు ఇది: వచ్చినాయన దేవుణ్ణి నమ్ముతడా అని అడగవద్దు. చెడును చెడు అంటడా, అన్నట్టు నడుస్తడా అని చూడాలె.

పాయాసి అనే రాజప్రతినిధి పరలోకం లేదని ఎదురుగానే వాదించిండు. కుమార కస్సపుడు ఆయనను వెళ్ళగొట్టలేదు. ఉదాహరణ మీద ఉదాహరణ ఇచ్చుకుంట కూర్చొని మాట్లాడిండు. నిగంఠుల గృహస్థ శిష్యుడైన ఉపాలి బుద్ధుని దగ్గరికి వచ్చి మారినప్పుడు, ఇన్నాళ్ళూ నీ ఇంటి అన్నం తిన్న నిగంఠులకు భిక్ష ఆపవద్దని బుద్ధుడే చెప్పిండు. దీక్ష తీసుకున్న మనకు ఇది పెద్ద పాఠం. మారడమంటే తలుపు మూసుకోవడం కాదు.

అశోకుడు తన పన్నెండో శిలాశాసనంలో ఇదే చెప్పిండు. తన మతాన్ని ఊరికే పొగడడం, ఇతరుల మతాన్ని కించపరచడం తన మతానికే చేటు, మాటలో అదుపు ఉండాలె, ఒకరి ధర్మం ఒకరు వినాలె అన్నది దాని సారం. ఆ శాసనం మన తెలుగు నేల మీదనే, కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద చెక్కి ఉంది.

ఇక తెలుగునాట మతంలేని నీతిమంతులు లేరా? కృష్ణా జిల్లా ముదునూరులో 1940లో నాస్తిక కేంద్రం పెట్టిన గోరా (1902–1975) అంటరానితనం మీద మాటలు చెప్పి ఊరుకోలేదు. సహపంక్తి భోజనాలు పెట్టిండు. తన బిడ్డ మనోరమను దళితుడైన అర్జునరావుకు ఇచ్చి 1948లో సేవాగ్రామ్‌లో పెండ్లి చేసిండు. ఆ పెండ్లి తంతులో దేవుని పేరుకు బదులు సత్యం అనే మాట వాడటానికి గాంధీ బతికుండగా ఒప్పుకున్నడు. గాంధీతో బాబాసాహెబ్‌కు ఉన్న విభేదం మనకు తెలుసు, అది వేరే పాఠం. ఇక్కడ చూడవలసింది, దేవుడు లేని మనిషి కులాన్ని తన ఇంట్లోంచే తీసేసిండన్నది. మైకు ముందు సమానత్వం చెప్పి, ఇంట్లో పెండ్లి సంబంధానికి కులం అడిగేవాళ్ళు మన మధ్య లేరా? ఎవరు ఎవరికి నీతి చెప్పాలె?

రాజ్యాంగం చూపిన తొవ్వ

1949 అక్టోబరు 17న రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ ఒక సవరణ తెచ్చిండు. పీఠికను "దేవుని పేరిట" అని మొదలుపెట్టాలన్నడు. ఓటు పెడితే అటు 41, ఇటు 68. సవరణ ఓడిపోయింది. నమ్మకం ఎవరి మనసుకు వాళ్ళదని, దాన్ని దేశమంతటి మీదా పెట్టవద్దని వ్యతిరేకించినవాళ్ళు వాదించిండ్రు.

మూడో షెడ్యూలు చూడండి. మంత్రి అయినా, ఎమ్మెల్యే అయినా దేవుని పేరు మీద ప్రమాణం చేయవచ్చు, లేదా దేవుని పేరెత్తకుండా మనస్సాక్షిగా చేయవచ్చు. రెండూ చెల్లుతయి. రెండూ సమానమే. 51ఎ(హెచ్) శాస్త్రీయ దృష్టిని, మానవతను పెంపొందించడం పౌరుని విధి అంటున్నది. 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు రేడియో తరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పింది. ప్రజల ఆస్తి అయినప్పుడు భక్తునికి ఎంత హక్కో, భక్తి లేనివానికీ అంతే హక్కు.

అందుకే మన డిమాండు "బుద్ధపూర్ణిమ నాడు మాకు అరగంట ఇయ్యండి" అన్న దగ్గర ఆగిపోవద్దు. అట్లా ఆగితే నీతి మతాల మధ్య పంచుకునే ఆస్తి అని మనమే ఒప్పుకున్నట్టు. మతం ఉన్నవాళ్ళు, లేనివాళ్ళు, అందరూ వంతుకు వచ్చే మంచిమాట కావాలె అని అడుగుదాం. లోకల్ కేబుల్ చానల్‌నైనా, ఆకాశవాణినైనా, బడి ప్రార్థన సమయంలోనైనా ఇదే అడుగుదాం.

మరి మన మైకు?

బయట అడిగేది ముందు ఇంట్లో చేయాలె. తమ్ముడు అడిగిన ప్రశ్నకు ఈ పాఠం జవాబు: పిలుద్దాం. అయితే నాలుగు కట్టుబాట్లతో.

ఒకటి, చెప్పేది నిజమై, మేలు చేసేదై, సమయానికి తగిందై ఉండాలె. అభయరాజకుమార సుత్తంలో బుద్ధుడు తన మాటకే పెట్టుకున్న కొలత ఇది. వచ్చే అతిథికీ ఇదే, మనకూ ఇదే.

రెండు, ఎవరి విశ్వాసాన్నీ ఎగతాళి చేయవద్దు. మతం లేనాయన మతం ఉన్నోళ్ళను వెక్కిరించడానికి మైకు వాడుకోవద్దు. మనమూ వాడుకోవద్దు. విమర్శ వేరు, వెక్కిరింత వేరు.

మూడు, బతికిన మాట చెప్పించాలె. బాయి ప్రమాదంలో భర్తను పోగొట్టుకొని పిల్లలను చదివించిన తల్లి, తాగుడు మానిన మనిషి, కాంట్రాక్టు కార్మికురాలు, రక్తదానం చేసే పిలగాడు. వీళ్ళ మాటలో శీలం ఉంటది. అది వినిపిస్తే పంచశీల పుస్తకంలోంచి వాడలోకి వచ్చినట్టు.

నాలుగు, సౌండు తగ్గించాలె. నైట్ షిఫ్టు చేసి వచ్చినాయన పగలు నిద్రపోతడు. ఆయన నిద్ర చెడగొట్టి మైత్రీభావన చెప్తే అది మైత్రి కాదు. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా లౌడ్‌స్పీకర్ పెట్టవద్దన్న చట్టం ఉండనే ఉంది. మన కరుణ చట్టం కంటే వెనకబడకూడదు.

వందన, త్రిశరణం, పంచశీల మనం ఎప్పటిలాగే చేసుకుంటం. అందులో మార్పు లేదు. అవి అయిపోయినంక పది నిమిషాలు అతిథివి. ఆయన బుద్ధునికి దండం పెట్టాలని బలవంతం వద్దు. మొక్కనందుకు మన పెద్దలను ఊళ్ళల్లో ఎట్లా చూసిండ్రో మరచిపోవద్దు.

ఆ అక్క భయంలోనూ ఒక నిజం ఉంది. చోటు ఇస్తే మనది పలచన అయిపోతుందేమోనని ఆమె భయం. పది నిమిషాలు ఇంకో మంచిమనిషి మాట వింటే పలచబడేదైతే అది ధమ్మం కాదు. ధమ్మం ఏహిపస్సికం, వచ్చి చూడమని పిలిచేది. పిలిచేవాళ్ళం, వచ్చినాయన మాట కూడా వినాలె గదా.

చర్చకు ప్రశ్నలు

1. మన వాడలో ఏ మతమూ పాటించకుండా నీతిగా బతుకుతున్న మనిషి నుంచి మీరు నేర్చుకున్నది ఏమిటి?
2. కాలామ సుత్తంలోని రెండో భరోసాను మీ ఇంట్లో పిల్లలకు మీ మాటల్లో ఎట్లా చెప్తరు?
3. మైకు ముందు చెప్పేదానికీ ఇంట్లో నడిచేదానికీ తేడా ఎక్కడెక్కడ ఉంది? ముందుగాల ఏది సరిచేసుకుంటరు?
4. వచ్చే పౌర్ణమికి ఎవరిని పిలుద్దాం? ఆ మాట అడగడానికి ఎవరు పోతరు?

నాలుగో ప్రశ్నకు జవాబు తేలకుండా సమావేశం ముగించవద్దని మనవి.

నమో బుద్ధాయ! జై భీమ్!